మారుమనస్సు, సిలోయము గోపురము

పఠింపవలసిన భాగము: లూకా 13:1–9



మారుమనస్సు అను మాట మన సంఘములలో వినబడని ఆదివారము లేదు. విని విని అది చెవికి వాడుకమాటయై పోయినది. అది కల్లు దుకాణమునకు పోవువానికో, ఆరాధన మానివేసిన పొరుగువానికో కావలసిన మందని తలంచుట మనకు అలవాటు. ప్రభువు ఈ మాటను ఎవరితో, ఏ సందర్భమున పలికెనో చూచినయెడల ఆ తలంపు నిలువదు.

బలులర్పించుచున్న గలిలయులను పిలాతు చంపించిన సంగతిని కొందరు వచ్చి ఆయనకు తెలిపిరి. అట్టి చావు చచ్చినవారు ఏదో ఘోరపాపము చేసియుందురను తలంపు వారి మాటలలో దాగియున్నది. ప్రభువు దానిని బయటికి లాగి, తానే మరియొక సంగతి జతచేసెను. సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోయిరి. వారు యెరూషలేము కాపురస్థులందరికంటె అపరాధులా? కారని ఆయన ఖండితముగా చెప్పెను.

ఈ సంగతి మనకు పరాయిది కాదు. 1977 నవంబరు 19న వచ్చిన గాలివానయు ఉప్పెనయు దివిసీమను ముంచి, రేపల్లె, బాపట్ల తీరములను పాడుచేసినవి. చనిపోయినవారు సుమారు పదివేలమంది. బాపట్లలో ఒక దేవాలయమున తలదాచుకొన్నవారిమీద ఆ కట్టడమే కూలగా సుమారు నూరుమంది ప్రాణములు విడిచిరి. ఇట్టి వార్త వినినప్పుడు, ఏమి పాపము చేసిరో అను మాట మన నోటికి ఎంత సులువుగా వచ్చును! చావు జరిగిన యింటి అరుగుమీదనే కూర్చుండి ఆ మాట పలుకువారును గలరు. దానికి వేదములో ఆధారము లేదు, ప్రభువే దానిని కొట్టివేసెను. ఉప్పెన పల్లమును చూచి వచ్చును గాని పాపమును చూచి రాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల యొద్ద తీరము దాటినప్పుడు, ప్రార్థనాపరుని మడియు దేవుని ఎరుగనివాని మడియు ఒకే నీటిలో నానినవి గదా.

అయితే ప్రభువు అంతటితో ఊరకుండలేదు. మారుమనస్సు పొందనియెడల మీరును అట్లే నశింతురని ఆ చెప్పవచ్చిన వారితోనే అనెను. శిక్ష కాదనిన నోటనే ఈ మాట యేమని చదువరి అడుగవచ్చును. కూలిన గోపురము ఎవని పాపమెంతో కొలిచి చెప్పదు. గడువు ఎంత హఠాత్తుగా ముగియునో మాత్రము అందరికి చెప్పును. చచ్చినవారినిగూర్చి తెచ్చిన ప్రశ్నను ఆయన బ్రదికియున్నవారి వైపు త్రిప్పెను.

ఇంతకు మారుమనస్సు అనగా నేమి? గ్రీకులో మెటానోయియా అనగా మనస్సు మారుట. పాతనిబంధన ప్రవక్తలు వాడిన హెబ్రీ మాట షూబ్, అనగా తిరుగుట. తెనాలి స్టేషనులో రేపల్లెకు పోవలసినవాడు పొరపాటున బాపట్ల వైపు పోవు బండి ఎక్కెననుకొనుడు. తెలిసికొని పెట్టెలో కూర్చుండి ఎంత యేడ్చినను వాడు రేపల్లె చేరడు. నిడుబ్రోలులో దిగి బల్లమీద కూర్చుండినను చేరడు. తిరుగుబండి ఎక్కవలెను. మనలో అనేకుల పశ్చాత్తాపము నిడుబ్రోలులోనే ఆగిపోవుచున్నది.

యూదాను చూడుడి (మత్తయి 27:3–5). వాడు దుఃఖపడెను, తప్పు ఒప్పుకొనెను, ముప్పది వెండి నాణెములను తిరిగి ఇచ్చెను సహా. అయితే యాజకులయొద్దకు పోయెనేగాని తాను అప్పగించిన ప్రభువునొద్దకు పోలేదు. పేతురును సంతాపపడి యేడ్చెను. కాని దరిని నిలిచినవాడు ప్రభువని వినగానే దోనె దరిచేరువరకు ఆగక సముద్రములో దుమికెను (యోహాను 21:7). ఇద్దరి కన్నీటిని తూచిన ఏది బరువో మాకు తెలియదు. వారు పోయిన దిక్కు వేరు.

జక్కయ్య దిక్కు మార్చుకొనినప్పుడు అది అతని డబ్బుసంచిలో కనబడెను. ధర్మశాస్త్రమైతే సొమ్మును, దానిమీద అయిదవ వంతును ఇమ్మనెను (సంఖ్యా 5:7). జక్కయ్య నాలుగంతలు అనెను. క్షమాపణను కొనుటకు కాదు, ప్రభువు ముందుగానే అతని యింట అడుగుపెట్టియుండెను. మన పల్లెలలో ఈ సంగతి గట్లయొద్దను కాటాయొద్దను తేలును. ఏటేట చెక్కి పొరుగువాని మడిలోనికి జరిపిన గట్టు వెనుకకు రావలెను. కాటాలో కాజేసిన ధాన్యము, ఒప్పుకొన్నదానిలో తగ్గించి యిచ్చిన కూలి, తమ్ముని భాగములో కలుపుకొన్న నాలుగు సెంట్లు, వీటి యజమానులు ఆ ఊరిలోనే యున్నారు. ఈ భాగమునకు వచ్చుసరికి ప్రసంగము పొడుగైనదని కొందరందురు.

1517 అక్టోబరు 31న లూథరు ప్రకటించిన 95 వాదములలో మొదటిదియే, విశ్వాసి జీవితమంతయు మారుమనస్సుగా నుండవలెనని ప్రభువు కోరెనని బోధించుచున్నది. బాప్తిస్మపు దినమున ఒకసారి ముగించి, కాగితములతో పెట్టెలో దాచునది కాదు. ప్రతి ఆదివారము పాపపు ఒప్పుకోలు చదువుట అందుకొరకే. నోరు చదువుచుండగా మనస్సు చేనిలో తిరుగుచున్నయెడల చదివిన లాభమేమి?

అంజూరపు చెట్టును నరకుమన్న యజమానుని యెదుట, ఇంకొక సంవత్సరము, త్రవ్వి యెరువు వేయుదునని తోటమాలి వేడుకొనెను. పాదు త్రవ్వునప్పుడు వేళ్లు కదలును, చెట్టుకు అది సుఖము కాదు. ఈ నెల వాక్యము గ్రుచ్చుకొన్నవారు అది గడ్డపార పోటని యెరుగుదురు గాక.

ప్రభు రాత్రి భోజనమునకు ముందు చెప్పుకొనదలచినవారు శనివారము సాయంకాలము మా యొద్దకు రావచ్చును. అయితే మత్తయి 5:24 ప్రకారము, ఎవనికి ఇయ్యవలసియున్నదో వాని యింటికి మొదట పోయి, ఆ పిమ్మట రండి.