ఊరివాళ్లే తీసిన వీడియో: ఏఎంఆర్‌పై కొత్త ఆయుధం

బ్యాక్టీరియా, వైరస్‌లు, శిలీంధ్రాలు, పరాన్నజీవులు మందులకు లొంగకపోవడమే యాంటీమైక్రోబియల్ రెసిస్టెన్స్ (ఏఎంఆర్). వీటిలో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే 2019లో ప్రపంచవ్యాప్తంగా నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా.

నేపాల్‌లో దీనిపై ‘కారన్’ ప్రాజెక్టు నడిచింది. నిర్వాహకులు బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయం, నేపాల్‌కు చెందిన హెర్డ్ ఇంటర్నేషనల్. ఖాట్మండు పరిసరాల్లోని స్థానికులే కెమెరా పట్టి, యాంటీబయాటిక్స్ వాడకంపై లఘుచిత్రాలు తీశారు. దీన్ని పార్టిసిపేటరీ వీడియో అంటారు. ఈ పద్ధతికి మూలం 1967లో కెనడాలోని ఫోగో దీవిలో జరిగిన ‘ఫోగో ప్రాసెస్’.

‘డాక్టర్ చీటీ లేకుండా మందు కొనొద్దు’ అని మామూలు అవగాహన పోస్టర్ చెప్పి ఊరుకుంటుంది. కానీ ఆస్పత్రి దూరం, కూలి పోతుందన్న భయం, జ్వరం తగ్గగానే మిగతా మాత్రలు దాచుకోవడం లాంటివి అనుభవించినవాళ్లే బాగా చూపగలరు. అయితే చీటీ లేకుండా అమ్మే దుకాణాన్ని వీడియో ఒక్కటే ఆపలేదు. దానికి తనిఖీలు కావాలి. మన దేశంలో పలు యాంటీబయాటిక్స్‌ను షెడ్యూల్ హెచ్1 (డాక్టర్ చీటీపైనే అమ్మాల్సిన మందుల జాబితా)లో చేర్చింది ఇలాంటి అమ్మకాలను అరికట్టడానికే.

పోటీ పరీక్షల అభ్యర్థులు ఈ తేదీలు గుర్తుపెట్టుకోండి: ఏటా నవంబర్ 18–24 ప్రపంచ ఏఎంఆర్ అవగాహన వారం.