ప్రేలుడు ధ్వని – ప్రజాస్పందన

వరంగల్ నగరంలోని కొత్తవాడ నేతపనికి పేరుగన్నది. ఇక్కడి నేతకారుల జంపఖానాలకు 'వరంగల్ జంపఖానాలు' అన్న పేర 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. మగ్గం చప్పుడు ఈ వాడవారికి జీవనాధారం. అది వినబడినంతసేపు ఇంట పని ఉన్నట్లు. ఆగినప్పుడే, నూలు అందలేదేమో, గిరాకి తగ్గిందేమో అన్న చింత.

2016 వరకు వరంగల్ జిల్లాలోనే భాగమైన భూపాలపల్లిలో చప్పుడుకు అర్థం వేరు. అక్కడి సింగరేణి ఉపరితల గనుల్లో బొగ్గుపైనున్న రాతిపొరలను ప్రేలుడు పదార్థాలతో పగులగొడతారు. ముందుగా సైరన్ మ్రోగుతుంది. ఆపై క్షణకాలం నేల అదురుతుంది. తలుపులు కొట్టుకుంటాయి, అటకమీది గిన్నెలు గలగలమంటాయి. గోడకు బీట కనబడిననాడు ఆ ఇంటివారికి నిద్ర కరవవుతుంది.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతాల్లో ధ్వని పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదు. అయితే ఇవి గంటల తరబడి తీసిన సగటులు. ఒక్క క్షణపు ప్రేలుడు ఆ సగటులో అడుగంటిపోతుంది. అంతేకాక, మానవుని చెవికి అనుగుణంగా దిద్దిన ఆ కొలమానం మంద్రధ్వనులను తక్కువగా లెక్కిస్తుంది. కిటికీలను కదిలించేవి ఆ మంద్రధ్వనులే. నేల కంపానికి గనుల భద్రతా శాఖ 1997లో వేరుగా పరిమితులు విధించింది. కనుక అధికారి పరికరపు అంకెను చూపుతాడు, గృహస్థు గోడ బీటను చూపుతాడు. ఇద్దరి మాటా అసత్యం కాదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

సైనిక స్థావరాల సమీపంలోనూ ఇదే పరిస్థితి. ధ్వని తీవ్రత ఒకటే అయినా, ఇంటి వస్తువులు కదిలినచోట జనులు అధికంగా కలత చెందుతారని అమెరికా సైనిక క్షేత్రాల పరిశోధనలు తెలిపాయి. ఒడిశాలోని చాందీపూర్‌లో 1895 నుండి ఫిరంగులను, మందుగుండును పరీక్షిస్తున్నారు. ఆ ప్రాంతంలో క్షిపణి ప్రయోగానికి ముందు సమీప గ్రామస్థులను తాత్కాలికంగా తరలించి పరిహారం చెల్లించడం పరిపాటి. ఆ జిల్లాలోనే బాలియాపాల్ రైతులు 1980వ దశకంలో క్షిపణి పరీక్షాకేంద్రాన్ని అడ్డుకున్నారు. వారి పోరు భూమికొరకే గాని చప్పుడును గూర్చి కాదు. విచిత్రమేమంటే, అధికారుల రాకను ఊరికి తెలుపడానికి వారు శంఖాలు ఊదారు, కంచాలు మ్రోగించారు.

వేళ చెప్పి ప్రేల్చడం, ప్రేలుళ్లకు ముందే ఇళ్ల గోడలను ఉభయపక్షాలూ పరిశీలించి నమోదు చేయడం, కొలత తీసేటప్పుడు గ్రామస్థులను దగ్గర ఉంచుకోవడం వల్ల వివాదం చాలావరకు తగ్గుతుంది. ప్రేలుడు పదార్థాన్ని ఒక్కసారిగా గాక, రంధ్రానికీ రంధ్రానికీ నడుమ కొన్ని మిల్లీసెకన్ల వ్యవధితో ప్రేలిస్తే నేల అదురు తగ్గుతుంది. వేళను ఎన్నుకోవడం కూడా ముఖ్యమే. వేకువను నేలను అంటిన గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉన్నప్పుడు ధ్వని నేలవైపు వంగి దూరగ్రామాలకు చేరుతుంది. మధ్యాహ్నం అదే మందు, అదే మోతాదు, అంత దూరం వినబడదు. ఈ సంగతి ఎవరూ చెప్పని ఊరిలో, నిన్నటికంటె నేడు మందు ఎక్కువ పెట్టారనే అనుకుంటారు.