కొరమీను నేర్పిన శ్వాస పాఠం



"చేపలు వేటితో శ్వాసిస్తాయి?" ఇది ఏడో తరగతి స్లిప్ టెస్టులో నేనిచ్చిన ప్రశ్న. "మొప్పలతో. కొన్ని చేపలు గాలి కూడా పీలుస్తాయి" అని ఒక విద్యార్థి రాశాడు. రెండో వాక్యాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశాను. "మరి మా నాన్న తెచ్చిన కొరమీను నీళ్లు లేని సంచిలో ఇంటిదాకా ఎలా బతికింది సార్?" అని అడిగాడు. అతను రాసిందే నిజం. కోసిన మార్కు తిరిగి ఇచ్చాను.

మొప్పల్లో పలుచని రేకులుంటాయి. నీటిలో అవి విడివిడిగా ఉండి, కరిగిన ఆక్సిజన్‌ను రక్తంలోకి తీసుకుంటాయి. ఒడ్డున పడితే తడిసిన పుస్తకం పేజీల్లా అతుక్కుపోతాయి. అందుకే శీలావతి, బొచ్చె నీళ్లు లేకుండా ఎక్కువసేపు బతకవు.

తెలంగాణ రాష్ట్ర చేప కొరమీను సంగతి వేరు. దాని తలలో, మొప్పల పైన, గాలి నింపుకునే గదులున్నాయి. వాటి గోడల నిండా సన్నని రక్తనాళాలుంటాయి. అది తరచూ పైకి వచ్చి నోటితో గాలి అందుకుంటుంది. పైకి రానివ్వకపోతే నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది!

ఈ ఏర్పాటు ఎందుకు? ఎండాకాలం చెరువు నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. కుళ్లే ఆకులు ఉన్నదాన్నీ లాగేస్తాయి. పైన గాలిలో మాత్రం ఆక్సిజన్ దాదాపు 21 శాతం.

నీరు ఇంకిపోతే కొన్ని చేపలు మరో గుంటను వెతుక్కుంటూ తడి నేల మీద కదులుతాయి. మార్పు చేప ఒళ్లు మెలితిప్పుతూ, ఛాతీ రెక్కల ముళ్లను నేలకు ఆనించి సాగుతుంది. అనాబస్ చేపకు మొప్పల మూతల అంచున ఉన్న ముళ్లే పట్టు. రెండూ గాలి పీల్చేవే. అయితే ఒళ్లు తడిగా ఉండాలి.

ఈ ఆదివారం మీ పిల్లలతో:
• చేపల మార్కెట్‌లో కొరమీనుల తొట్టి దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. ఒక చేప ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టించండి.
• చేపను బయటికి తీసి పరీక్షించనివ్వకండి.
• లెక్కను సైన్స్ నోట్‌బుక్‌లో రాయించండి.

పరీక్షలో ఇలా రాయమనండి: "చేపలు మొప్పలతో శ్వాసిస్తాయి. కొరమీను, మార్పు, అనాబస్ వంటివి గాలిని కూడా పీలుస్తాయి."

ఇంట్లో చూసింది పుస్తకంతో కలవకపోతే "నోరు మూసుకుని చదువు" అనకండి. ఆ ప్రశ్నను మాకు పంపండి. మేమూ నేర్చుకుంటాం.

— మీ సైన్స్ ఉపాధ్యాయుడు