ఇంటి కంప్యూటర్‌కి యూపీయస్: ఎన్ని వాట్లు, ఎన్ని నిమిషాలు?

హైదరాబాదులో చదువుకునే రోజుల్లో కంప్యూటర్ కొంటే యూపీయస్ కూడా కొన్నట్టే. కరెంటు పోవడం, బల్ల కింద పెట్టె కుయ్యిమనడం, అందరం ఒక్కసారిగా "సేవ్ చెయ్, సేవ్ చెయ్" అని అరవడం రోజువారీ తంతు. ఆక్లాండ్ వచ్చాక ఆ చప్పుడు మర్చిపోయాను. ఇక్కడ కరెంటు అరుదుగా పోతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

పోయిన చలికాలంలో (ఇక్కడ జూలై అంటే చలికాలం) ఓ గాలివాన రాత్రి కరెంటు పోయింది. అయిదేళ్ళ క్రితం కొన్న నా యూపీయస్ ఒక్కసారి కూసి, కంప్యూటర్‌తో సహా ఆరిపోయింది. బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో నాకే తెలియదు. కోడ్ గిట్‌లో భద్రంగానే ఉంది కాబట్టి దానికి బాధపడలేదు. అప్పుడు తెనాలి నుంచి వచ్చిన మా నాన్నగారు ఇంట్లో ఉన్నారు. ఆయనకి గుండెలో స్టెంట్ ఉంది. చీకట్లో కూర్చుని నెమ్మదిగా అడిగారు: "ఒరేయ్, ఇప్పుడు నాకేమన్నా అయితే అంబులెన్సుకి ఫోను దేంతో చేస్తావు?" ల్యాండ్‌లైన్ మూగబోయింది. నా మొబైల్లో ఆరు శాతం ఛార్జి ఉంది.

పాత రాగితీగ ఫోనుకి కరెంటు ఎక్స్ఛేంజి నుంచే తీగలో వచ్చేది. మనింట్లో దీపాలు ఆరినా ఫోను మోగేది. ఫైబర్‌లో వచ్చేది వెలుగే. గోడకున్న ఓఎన్‌టీ పెట్టె, దాని పక్కన రౌటర్, రెండూ మన ప్లగ్గు మీదే బతుకుతాయి. అయితే ఇందులో ఒక మంచి కూడా ఉంది. ఎక్స్ఛేంజికీ ఇంటికీ మధ్య ఫైబర్‌కి ఎక్కడా కరెంటు అక్కర్లేదు. ఎక్స్ఛేంజిలో బ్యాటరీలు, జనరేటర్లు ఉంటాయి. కాబట్టి వీధంతా చీకటైనా, ఈ రెండు పెట్టెలకి మనం కరెంటు ఇవ్వగలిగితే నెట్టూ ఫోనూ సాధారణంగా పనిచేస్తాయి. ఇవి రెండూ కలిపి తినేది ఇరవై వాట్లకి అటూ ఇటూ.

కాబట్టి యూపీయస్ కొనేముందు "ఎంత పెద్దది?" అని కాక, "దేనికి, ఎంతసేపు?" అని అడగాలి. కంప్యూటర్‌కి కావలసింది పద్ధతిగా మూసేయడానికి పది నిమిషాలు. ఫోనుకి కావలసింది గంటలు. ఈ రెండిటినీ ఒకే పెట్టెకి తగిలించడమే నేను చేసిన పొరపాటు.

ఇక లెక్క చూద్దాం. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 700 విఏ అని ఉంటుంది. దాని కిందే చిన్న అక్షరాలతో 390 వాట్లు అని ఉంటుంది. మనకి కావలసింది చిన్న అక్షరాలే. ఆ వాట్లయినా ఎంత బరువు మోయగలదో చెబుతాయి గానీ, ఎంతసేపు మోస్తుందో చెప్పవు. అది చెప్పేది లోపలి బ్యాటరీ. ఇలాంటి వాటిలో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీ ఉంటుంది. 12ని 7తో గుణిస్తే 84 వాట్-అవర్లు. కానీ వేగంగా తోడితే సీసపు బ్యాటరీ సగమే ఇస్తుంది, అంటే 42. మీ డెస్క్‌టాప్, మానిటర్ కలిపి 150 వాట్లు తింటే 42 బై 150 గంటలు, సుమారు పదిహేడు నిమిషాలు. బ్యాటరీ పాతబడేకొద్దీ ఇది పదికి దిగుతుంది. అదే బ్యాటరీకి ఓఎన్‌టీ, రౌటర్ మాత్రమే తగిలిస్తే రెండు గంటల దాకా రావచ్చు. ఇరవై వాట్లకి నాలుగు గంటలు రావాలి కదా అంటారేమో. యూపీయస్ తన ఖర్చుకి పదో పదిహేనో వాట్లు తినేస్తుంది. 12 వోల్టుల డీసీని 230 వోల్టుల ఏసీ చేయడం, అడాప్టర్ దాన్ని మళ్ళీ 12 చేయడం దండగమారి పని. అందుకే రౌటర్లకి నేరుగా 12 వోల్టులిచ్చే చిన్న లిథియం డీసీ యూపీయస్‌లే నాకు నచ్చాయి. కొనేముందు మీ అడాప్టర్ల మీద వోల్టులు, ఆంపియర్లు, ప్లస్సు మైనస్సుల గుర్తు చూసుకోండి.

మీ కంప్యూటర్ ఎన్ని వాట్లు తింటుందో ఊహించకండి. ప్లగ్గుకి తగిలించే చిన్న మీటర్లు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతాయి. గేమింగ్ కార్డు ఉంటే లెక్క మూడింతలైనా ఆశ్చర్యం లేదు. లేజర్ ప్రింటర్‌ని, హీటర్‌ని మాత్రం యూపీయస్ దరిదాపులకి రానివ్వకండి.

రకాల విషయానికొస్తే, ఇంటికి లైన్-ఇంటరాక్టివ్ రకం చాలు. వోల్టేజీ కాస్త ఎగుడుదిగుడైనా బ్యాటరీ జోలికి పోకుండా సర్దుకుంటుంది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, కంప్యూటర్ పవర్ సప్లై ఆపాటి విరామం తట్టుకుంటుంది. ఒక్క జాగ్రత్త: చవక రకాలు బ్యాటరీ మీద సైన్ వేవ్ బదులు మెట్లు మెట్లుగా ఉండే తరంగం ఇస్తాయి. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న పవర్ సప్లైలు కొన్ని దానికి అలిగి ఆగిపోతాయి. అలాంటిది ఉంటే ప్యూర్ సైన్ వేవ్ కొనండి. యూఎస్‌బీ తీగ కలపడం మర్చిపోకండి, లేకపోతే మీరు ఆఫీసులో ఉన్నప్పుడు కంప్యూటర్‌ని ఎవరు మూస్తారు? విండోస్ దాన్ని ల్యాప్‌టాప్ బ్యాటరీలా గుర్తిస్తుంది, లినక్స్‌కి నట్ ఉంది.

అమెరికా నుంచి మకాం మార్చేవాళ్ళు అక్కడి 120 వోల్టుల యూపీయస్‌ని సామాన్లలో వేసుకోవద్దు, ఇక్కడ 230. మన దేశం నుంచి తెచ్చింది వోల్టేజీకి సరిపోతుంది గానీ ప్లగ్గు వేరు. ఇక బ్యాటరీని విమానం ఎక్కించడం పెద్ద తలనొప్పి.

న్యూజిలాండ్‌లో ఇదంతా అవసరమా అంటారా? 1998లో కేబుళ్ళు ఒకదాని తర్వాత ఒకటి చెడి, ఆక్లాండ్ నడిబొడ్డు అయిదు వారాల పాటు కరెంటుకి అల్లాడింది. 2006 జూన్ 12న గాలికి ఒటాహుహు సబ్‌స్టేషన్‌లో ఎర్త్ తీగ తెగిపడి ఊళ్ళో సగం ఆగిపోయింది. 2024 జూన్‌లో మరమ్మతు చేస్తూ నట్లు విప్పేస్తే టవర్ కూలి నార్త్‌లాండ్ చీకటైంది. 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుపానుకి నేపియర్‌లో కరెంటు రోజుల తరబడి లేదు, మొబైల్ టవర్లు కూడా చాలా ఆగిపోయాయి. అలాంటి దానికి ఏ యూపీయసూ ఆగదు, నేను చెప్పే లెక్క రెండు మూడు గంటల కోతలకే.

పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళకి ఒక ముఖ్య విషయం. 2021 నుంచి ఇక్కడ కామర్స్ కమిషన్ వారి 111 కాంటాక్ట్ కోడ్ అమలులో ఉంది. ఆరోగ్యం, వైకల్యం, భద్రత కారణాలతో 111కి ఫోను చేయాల్సి రావచ్చునన్నవాళ్ళకి, మొబైల్ వంటి మరో దారి లేకపోతే, కరెంటు పోయినప్పుడు కనీసం ఎనిమిది గంటలు ఫోను చేసుకునే సాధనాన్ని ల్యాండ్‌లైన్ కంపెనీ ఉచితంగా ఇవ్వాలి. అడిగితేనే వస్తుంది, దరఖాస్తు పెట్టాలి.

చివరగా నన్ను ముంచిన సంగతి. సీసపు బ్యాటరీ మూడు నుంచి అయిదేళ్ళు బతుకుతుంది, వేడి చోట పెడితే ఇంకా తక్కువ. క్లయింట్లని "బ్యాకప్ రిస్టోర్ చేసి చూశారా?" అని నిలదీసే నేను, ఇంట్లో ఒక్కసారీ ఆ పరీక్ష చేయలేదు. ఇప్పుడు ఆరు నెలలకోసారి, పని సేవ్ చేసుకుని, గోడ మీద స్విచ్ ఆపి నిమిషాలు లెక్కపెడుతున్నాను. ప్లగ్గు పీకకండి, ఎర్త్ తెగుతుంది. బ్యాటరీ మార్చేటప్పుడు పాతదాని టెర్మినల్ వెడల్పు కొలవండి, 4.8 మిల్లీమీటర్లవీ 6.3వీ రెండు రకాలున్నాయి. పాతది చెత్తబుట్టలో వేయకుండా రీసైక్లింగ్‌కి ఇవ్వండి. కొత్తదాని మీద మార్కర్‌తో తేదీ రాయండి. మా ఇంట్లో ఆ తేదీ నాన్నగారే తెలుగు అంకెల్లో రాశారు, పక్కనే 111 అని కూడా.