పాత స్పాంజిని పారేయకండి

చేపల తొట్టికి కొత్త ఫిల్టర్ రాగానే మనం చేసే మొదటి పని పాతదాన్ని పీకి పారేయడం. ఎందుకంత తొందర? నన్ను నేనే రోజూ అడిగే ప్రశ్న ఇది. ఏది మార్చాలన్నా ఒక్క పూటలో అంతా ఊడ్చేయాలనిపించే మనిషిని నేను. ఆ స్వభావంతో ఇంకా పెనుగులాడుతూనే ఉన్నాను. నాకు ఓపిక నేర్పుతున్నది చేపల తొట్టే.

పాత ఫిల్టర్ స్పాంజికి పట్టిన ఆ గోధుమరంగు జిగురును మురికి అనకండి. చేపల విసర్జన నుంచీ, మిగిలిన మేత నుంచీ పుట్టే అమ్మోనియా చేపలకు విషం. ఆ జిగురులోని కొన్ని బాక్టీరియాలు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. మరికొన్ని దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. అది అంత ప్రమాదం కాదు, నీళ్లు మార్చినప్పుడల్లా కొంత పోతుంది. 19వ శతాబ్దం చివర్లోనే శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ ఈ జీవుల గుట్టు విప్పాడు. తొట్లలో రెండో పని ఎక్కువగా చేసేది నైట్రోస్పైరా అని 1990లలో పరిశోధకులు తేల్చారు. ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. కొత్త తొట్టిలో నిలదొక్కుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అన్నాళ్లు పెరిగినదాన్ని నిమిషంలో చెత్తబుట్టలో వేస్తారా?

రెండు ఫిల్టర్లూ కలిపి నడపండి. నేను ప్రాణం పెట్టి చెప్పే మాట ఇదొక్కటే. కొత్తదాన్ని పాతదాని పక్కనే బిగించి 4 నుంచి 6 వారాలు వదిలేయండి. పాలకు తోడు వేసినట్టు, పాత స్పాంజి ముక్క ఒకటి కొత్తదాంట్లో పెడితే ఇంకా త్వరగా అందుకుంటుంది.

నా దినచర్యనూ ఇలాగే మార్చుకున్నాను. తెల్లవారుజామున రాయడం మొదలుపెట్టినప్పుడు, రాత్రిపూట రాసే అలవాటును వెంటనే మానలేదు. పొద్దున కలం కదలని రోజున రాత్రి రాసిన అరపేజీయే నాకు ధైర్యం. పొద్దుటి రాత గాడిన పడ్డాకే రాత్రిది ఆపాను. ఉద్యోగం మారేవాళ్లకైనా, చదివే పద్ధతి మార్చుకునే పిల్లలకైనా ఇదే చెబుతాను: పాతదాంట్లో మిమ్మల్ని బతికిస్తున్నది ఏదో ముందు వెతకండి. అది కొత్తదాంట్లోకి చేరేదాకా పాతదాన్ని కదపకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. తొట్టిలో రెండు ఫిల్టర్లకూ చోటు లేకపోతే పాతదాంట్లోని స్పాంజినీ సిరామిక్ రింగులనూ తడి ఆరకముందే కొత్తదాంట్లోకి మార్చి, వెంటనే స్విచ్ వేయండి. కుళాయి కింద మాత్రం కడగకండి! నీళ్లలో క్లోరిన్ కలిపేదే సూక్ష్మజీవుల్ని చంపడానికి. తొట్టిలోంచి తీసిన నీళ్లలో మెల్లగా పిండితే చాలు. పాతది తీసేశాక కొన్నాళ్లు మేత తగ్గించండి, కొత్త చేపలు తేవద్దు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉన్నాయో లేదో పరీక్షించండి. ఏది కనిపించినా తొట్టి నీళ్లలో పావువంతు తీసి, క్లోరిన్ తీసిన నీళ్లు పోయండి.

ఆరు వారాలు ఎక్కువనిపిస్తోందా? భయపడకండి, మీ వల్ల అవుతుంది. ఆ ఆరు వారాలూ మీరు చేయాల్సిందల్లా రెండు ప్లగ్గులూ తీయకుండా ఉండటమే.