ఆకాశమందలి బాటలు

తిరుపతినుండి తిరుమలకు పోవు వాహనములు ఒక ఘాటురోడ్డున ఎక్కి, మరియొక ఘాటురోడ్డున దిగును. 1944లో ఏర్పడిన మొదటి రోడ్డు నేడు దిగువారికి. 1974లో ఏర్పడిన రెండవ రోడ్డు ఎక్కువారికి. కాలినడకను పోవువారికి అలిపిరి మెట్లును, శ్రీవారి మెట్టును వేరుగా కలవు. ఎవరి బాట వారికి ఏర్పడియుండుటచేతనే దినదినము వేలకొలది జనులు ఒకరికొకరు అడ్డురాక కొండ చేరుచున్నారు.

కంటికి కానరాని ఇట్టి బాటలు ఆకాశమందును కలవు. రేడియో పాట, సెల్‌ఫోను మాట, వైఫై ద్వారా వచ్చు పాఠము, ఇవన్నియు విద్యుదయస్కాంత తరంగములపై పయనించునవే. ఈ తరంగములు సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. తరంగము సెకనునకు ఎన్నిమారులు కంపించునో ఆ సంఖ్యను పౌనఃపున్యమందురు. పది లక్షల కంపనములు ఒక మెగాహెర్ట్జ్. నూరు కోట్ల కంపనములు ఒక గిగాహెర్ట్జ్. పౌనఃపున్యము పెరిగినకొలది తరంగము పొట్టిదగును. ఈ పౌనఃపున్యములను భాగములుగా విభజించి, ఒక్కొక్క పనికి ఒక్కొక్క భాగమును కేటాయించిరి. ఆ భాగమునకే బ్యాండు అని పేరు.

తిరుపతినుండి చిత్తూరునకు పోవు త్రోవలో గాదంకి యను గ్రామము కలదు. అచ్చట భారత అంతరిక్ష శాఖకు చెందిన జాతీయ వాతావరణ పరిశోధనాలయము ఉన్నది. అందలి పెద్ద రాడారు 53 మెగాహెర్ట్జ్ బ్యాండున పనిచేయును. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల మైదానమున 1024 జతల యాంటెన్నాలు బారులు తీరియున్నవి. అవి తరంగములను మింటికి పంపి, పైగాలుల కలతవలన తిరిగివచ్చు అతిసన్నని ప్రతిధ్వనిని ఆలకించును. సమీపమున మరియెవ్వరైన అదే బ్యాండున బిగ్గరగా పలికినచో ఆ ప్రతిధ్వని మునిగిపోవును. చుట్టునున్న కొండలు వెలుపలి తరంగముల అలజడిని కొంత అడ్డగించుట ఆ తావునకు గల అనుకూలములలో నొకటి.

ఇండ్లలోను, బడులలోను వాడు వైఫైకి ముఖ్యముగా రెండు బ్యాండులు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. మొదటిది గోడలను దాటి దూరము పోగలదు. కాని ఆ బాటలో బ్లూటూతు పరికరములును, మైక్రోవేవ్ పొయ్యిలును గుమికూడును. రెండవది విశాలమైన బాట. ఎక్కువ సమాచారమును మోయును గాని, గోడ అడ్డమైనచో త్వరగా బలము తగ్గును. తక్కువ శక్తితో పంపువారు ఇంటను బయటను లైసెన్సు లేకయే వాడుకొనునట్లు భారత ప్రభుత్వము మొదటి బ్యాండును 2005లోను, రెండవ బ్యాండులో పెద్ద భాగమును 2018లోను విడిచిపెట్టినది.

బాట ఉన్నంతమాత్రమున చాలదు; నడకకు నియమము వలయును. 1971లో హవాయి విశ్వవిద్యాలయమువారు దీవులయందలి యంత్రములను రేడియోతో కలిపిరి. దాని పేరు అలోహానెట్. అందు ఎవరికి తోచినప్పుడు వారు పలుకవచ్చును. రెండు పలుకులు ఢీకొన్నచో రెండును చెడును, మరల పలుకవలెను. ఇట్లు నడచిన బాటలో నూటికి 18 వంతులకు మించి అక్కరకు రాదని గణితము తేల్చినది. 1997లో వెలువడిన 802.11 అను ప్రమాణము వేరొక పద్ధతిని నెలకొల్పినది. యంత్రము మొదట వినును. బాట ఖాళీగా ఉన్నచో పలుకును, లేనిచో ఆగును. ఆగినవారందరు మరల ఒక్కసారి పలుకకుండ, ఎవరెంతసేపు ఆగవలెనో చీటి తీసినట్లు నిర్ణయమగును. పలుమారులు మెరుగుపడి నేడు వైఫై యను పేరున లోకమంతట నడచుచున్నది ఈ ప్రమాణమే.

చెరువు నీరు ఊరివారందరి సొత్తు. ఒక్కడు నీరంతయు తన మడికి మళ్లించుకొన్నచో దిగువ మడి ఎండును. ఆకాశపు బాటలును అట్టివే. ఒక్కడు హద్దు మీరినచో, గాలుల జాడ తెలుపవలసిన సన్నని ప్రతిధ్వని గాదంకిలో వినబడకపోవచ్చును. పలుకుటకు ముందు వినుట యంత్రమునకు నియమము, మనుష్యునకు మర్యాద.

ప్రశ్నలు
1. బ్యాండు అనగా నేమి?
2. వైఫై బ్యాండులు రెండింటి గుణదోషములను తెలుపుము.
3. అలోహానెట్ పద్ధతికిని, 802.11 పద్ధతికిని గల భేదమును వివరింపుము.