పిచ్చి గీత నుంచి క్యారెక్టర్: ఫోన్‌లోనే, ఐదు స్టెప్పుల్లో

డ్రాయింగ్ యాప్ ఇన్‌స్టాల్ చేస్తాం, ఖాళీ కాన్వాస్ ఓపెన్ చేస్తాం, ఏం గీయాలో తోచదు. చివరికి ఏదో యానిమే హీరోని చూసి కాపీ కొట్టేస్తాం. నేనూ చాలా రోజులు అదే చేశాను. ఆ అలవాటు మాన్పించింది ఒక పిచ్చి గీత. గోడ మీది మరకల్లో ముఖాలు, కొండలు వెతకమని లియొనార్డో డావిన్సీ ఎప్పుడో రాశాడు. అదే పని మనం ఫోన్‌లో చేద్దాం.

ఏం కావాలి?
ఐబిస్‌పెయింట్ ఎక్స్ లేదా స్కెచ్‌బుక్. రెండూ ఫ్రీగా దొరుకుతాయి, రెండింటిలో లేయర్లు ఉన్నాయి. ఇన్‌స్టాల్ అయ్యాక నెట్ లేకపోయినా గీసుకోవచ్చు. మా పినపాక లాంటి అడవి అంచు ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. పెన్ లేకపోతే వేలు చాలు. మామూలు రబ్బరు మొన స్టైలస్‌కి ప్రెషర్ తెలియదు. అది కావాలంటే ఎస్ పెన్ లాంటిది, దాన్ని సపోర్ట్ చేసే ఫోన్ ఉండాలి.

స్టెప్ 1: గీకేయండి
స్టెబిలైజర్ ఆఫ్ చేసి, వేలు ఎత్తకుండా ఐదు సెకన్లు గీకండి. అన్‌డూ నొక్కొద్దు.

స్టెప్ 2: తిప్పి చూడండి
కాన్వాస్‌ని నాలుగు వైపులా తిప్పండి. మొత్తం మనిషి కోసం వెతకొద్దు. ఒక ముక్కో, వీపు వంపో దొరికితే చాలు. నా గీతలో పైకి లేచిన రెండు వంపులు కనిపించాయి. కొమ్ములు! వెంటనే రాక్షసుడు అనుకున్నా. కానీ అది అందరికీ వచ్చే ఐడియానే కదా. ఇంకోసారి చూస్తే మా భద్రాచలం వైపు కోయల కొమ్ము నృత్యం గుర్తొచ్చింది.

స్టెప్ 3: మూడు గీతలే ఉంచండి
గీత లేయర్ ఒపాసిటీ 25 శాతానికి తగ్గించి, పైన కొత్త లేయర్ వేయండి. బలమైన రెండు మూడు గీతలనే దాని మీద దిద్దండి. మిగతావి వదిలేయండి. ఇప్పుడు స్టెబిలైజర్ ఆన్ చేసుకోవచ్చు.

స్టెప్ 4: నిజం చూసి గీయండి
ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, ఊహించి నింపేస్తారు. కొమ్ము నృత్యంలో మగవాళ్లు తలకు అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు కట్టుకుని డోలు వాయిస్తారు. అది ఒక జాతి పండుగ వేషం, విలన్ మేకప్ కాదు. వీడియో పాజ్ చేసి చూడండి: డోలు ఎక్కడ వేలాడుతోంది, మోకాలు ఎంత వంగింది? నా గీతలో పనికిరాదనుకున్న కింది సున్నా చివరికి డోలు అయింది!

స్టెప్ 5: నీడ టెస్ట్
బొమ్మ మొత్తాన్ని నలుపుతో నింపి, స్టిక్కర్ సైజుకి తగ్గించండి. ఎవరో ఇంకా తెలుస్తోందా? అయితే క్యారెక్టర్ రెడీ. తెలియకపోతే స్టెప్ 3కి వెళ్లండి.

చివరగా ఒక మాట: ఆ పిచ్చి గీత లేయర్‌ని డిలీట్ చేయొద్దు, హైడ్ చేయండి. మళ్లీ తలకిందులుగా తిప్పితే అందులోనే ఇంకో మనిషి దొరకొచ్చు.